రాజగృహ: దొడ్డిగుమ్మం లేని ఇంటి కథ (ఇల్లూ వాడా - 6)

"అంబేడ్కర్ కూడా చివరికి పెద్దకులాల కాలనీలోనే ఇల్లు కట్టుకున్నాడు కదా సార్. పైగా దానికి రాజగృహ అని పేరు కూడా పెట్టుకున్నాడు." ఈ మాట నేను రెండు రకాలుగా విన్నాను. మనల్ని ఎకసెక్కం చేసేవాళ్లు నవ్వుతూ అంటారు. మన పిల్లలు కొంచెం మొహమాటంగా, నిజంగానే అర్థంకాక అడుగుతారు. మొదటివాళ్లకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. రెండోవాళ్లకి మాత్రం బాకీ ఉన్నాను. సిద్ధాంతంతో కాకుండా ఆ ఇంటి ప్లానుతోనే జవాబు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు ఇళ్ల చరిత్ర రాసేవాళ్ల అలవాటు గురించి ఒక మాట. మన దగ్గర మండువా లోగిళ్ల మీద ఎన్ని వ్యాసాలు వచ్చాయో మీకు తెలుసు. టేకు స్తంభాలు, నగిషీ ద్వారబంధాలు, మధ్యలో ఆకాశం, వానాకాలం మండువాలో పడే చూరునీళ్లు. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. కానీ ఆ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, వసారా దాకా ఎవరు రావచ్చు, మండువాలోకి ఎవరు అడుగు పెట్టకూడదు అన్నది ఆ వ్యాసాల్లో కనపడదు. ఇంటి ప్లాను గీసినప్పుడు గోడల మందం గీస్తారు, కిటికీల కొలతలు రాస్తారు. మా తాత ఎక్కడ నిలబడాలో ఆ గీతల్లో ఉండదు. నిజానికి ఆ ఇంటిని కట్టిన అసలు గీత అదే.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఒక మాట దగ్గర కాసేపు ఆగుతాను. దొడ్డి. పశువులు కట్టేసే చోటు దొడ్డి. ఇంటి వెనక జాగా దొడ్డి. మరుగుదొడ్డిలో ఉన్నదీ అదే దొడ్డి. పాకీవాళ్లు ఎత్తిపోసేదాన్ని పాకీదొడ్డి అన్నారు. ఆ ముగ్గురూ, అంటే పశువూ పాకీమనిషీ పాలేరూ, ఇంట్లోకి వచ్చే దారి దొడ్డిదారి. ఇవాళ పేపర్లో "దొడ్డిదారిన పదవి కొట్టేశాడు" అని రాస్తారు. దొడ్డిదారి అంటే మోసపు దారి అట! మన పెద్దవాళ్లకి ఉన్న ఒకే ఒక్క దారిని పట్టుకుని భాష మోసం అని పేరు పెట్టింది. వీధిగుమ్మం నుంచి వచ్చినవాడు నిజాయితీపరుడు. ఈ వ్యాసంలో నేను ఇల్లు అన్నప్పుడల్లా ఈ రెండు గుమ్మాలనీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు బొంబాయి వెళ్దాం.

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. వేలమంది చచ్చిపోయారు, లక్షలమంది ఊరు విడిచిపోయారు. వ్యాపారం ఆగిపోతుందన్న భయంతో ప్రభుత్వం 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ అనే సంస్థను పెట్టింది. ఇరుకు పేటలను కూల్చి వెడల్పాటి రోడ్లు వెయ్యడం, గాలీ వెలుతురూ ఆడే ఇళ్లకు జాగా చూపించడం దాని పని. ఆ పని రెండు రకాలుగా చేసింది. కూల్చిన పేటల్లోని కూలీలకూ మిల్లు కార్మికులకూ చాళ్లు కట్టింది. మధ్యతరగతి ఉద్యోగస్తులకి ఊరికి ఉత్తరాన, అప్పటికింకా తోటలూ పొలాలూ చిన్న ఊళ్లూ ఉన్న దాదర్, మాటుంగా వైపు ప్లాట్లు వేసి లీజుకి ఇచ్చింది. సంస్థ ఒకటే, ఇంజనీర్లు వాళ్లే, లెక్కలు మాత్రం రెండు.

దాదర్ వైపు లెక్క ఎంత శ్రద్ధగా ఉండేదో చెప్తాను. ట్రస్ట్ ఇంజనీర్ల దగ్గర అరవై మూడున్నర డిగ్రీల సూత్రం అని ఒకటి ఉండేది. కింది అంతస్తు కిటికీలోకి కూడా వెలుగు పడాలంటే ఎదురు భవనం ఎంత దూరంలో ఉండాలో చెప్పే సూత్రం అది. ఇరవై అడుగుల ఖాళీ ఉంటే ఎదుటి గోడ నలభై అడుగులు దాటకూడదు, అంతే. గుమస్తాగారి వంటింట్లోకి ఎండ ఏ కోణంలో రావాలో సామ్రాజ్యం కూర్చుని లెక్క కట్టింది. చాల్లో మాత్రం నడవాకి అటూ ఇటూ వరసగా గదులు. గది సుమారు పదడుగులు. కుళాయి ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి.

దాదర్, మాటుంగా ప్లాట్లు ఇంకో రకంగా కూడా పంచుకున్నారు. ఒకచోట పార్సీ కాలనీ. మంచర్జీ జోషీ అనే ఇంజనీరు ట్రస్ట్‌ను ఒప్పించి పార్సీల కోసమే 103 ప్లాట్లు తీసిపెట్టించాడు. మాటుంగాలో తమిళ బ్రాహ్మణులు. దాదర్‌లో రైలు పట్టాలకి తూర్పున హిందూ కాలనీ, ఎక్కువగా మరాఠీ అగ్రకులాల ఉద్యోగస్తులు. ఆ పేరు ఒకసారి పైకి చదవండి. హిందూ కాలనీ. ఊళ్లో అగ్రహారం అంటే పల్లెటూరి వాసన. కాలనీ అంటే ఆధునికం. కొత్త సిమెంటుతో పాత ఊరినే మళ్లీ కట్టడం ఎలాగో మన హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కాలనీలు చూసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు.

కానీ కొత్త సిమెంటు ఒక చోట పాత ఊరిని ఇబ్బంది పెట్టింది. మరుగుదొడ్డి దగ్గర. పాత బొంబాయిలో రెండు భవనాల మధ్య సన్నటి సందు వదిలేవాళ్లు. దాన్ని హౌస్ గల్లీ అనేవాళ్లు. బుట్టలు ఎత్తే హలాల్‌ఖోర్లు ఇంటివాళ్ల కంట పడకుండా వచ్చిపోవడానికి ఆ సందు. అంటే మనిషిని దాచడానికి కట్టిన వాస్తు అది. ఆ పనికి మున్సిపాలిటీలో ఒక శాఖే ఉండేది, దానికి పన్ను కూడా వేసేవాళ్లు. దాదర్, మాటుంగాలో కొత్తగా వచ్చిన ఫ్లాట్లలో భూగర్భ డ్రైనేజీతో మరుగుదొడ్డి ఇంటి లోపలికి వచ్చేసింది. వంటింటికీ దేవుడి గదికీ నాలుగడుగుల దూరంలోకి! ఈ శివారుల మీద నిఖిల్ రావు రాసిన "హౌస్, బట్ నో గార్డెన్" అనే పుస్తకం చదవండి. ఇంట్లో మరుగుదొడ్డి ఉండడం అన్నది శుచి పాటించే కుటుంబాలను ఎంత కంగారు పెట్టిందో అందులో ఉంది. చివరికి సౌకర్యం గెలిచింది. ఆచారం ఇలాంటి చోట్ల భలే వేగంగా సర్దుకుంటుంది, మనం చెరువులో నీళ్లు ముట్టుకున్నప్పుడే సర్దుకోదు.

మన దేశంలో ఇంటి నిర్మాణాన్నే నేరంగా చూసిన చట్టం ఒకటుంది. 1993లో వచ్చిన ఆ చట్టం పాకీపనితో పాటు పాకీదొడ్లు కట్టడాన్ని కూడా నిషేధించింది. ఆ చట్టం కాగితం మీదే ఉండిపోకుండా ఊరూరా తిరిగి దొడ్లు కూలగొట్టించినవాళ్లలో కోలారు బంగారు గనుల్లో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డ బెజవాడ విల్సన్ ఉన్నారు. వాస్తుశిల్ప చరిత్రలో ఎవరెవరి పేర్లో రాస్తారు. కట్టినవాళ్ల పేర్లు సరే, కూలగొట్టినవాళ్ల పేర్లు కూడా రాయాలి.

ఇంకో తెలుగు ముడి కూడా ఉంది. బొంబాయి కామాటిపురాకి ఆ పేరు మన నేల నుంచి, ముఖ్యంగా నిజాం ఇలాకా నుంచి వలసపోయిన కామాటీల వల్ల వచ్చింది. రాళ్లు మోసి, సున్నం కలిపి ఆ నగరం గోడలు లేపినవాళ్లలో వాళ్లున్నారు. ఆ గోడల మీద వాళ్ల పేర్లు లేవు. పేట పేరులో మిగిలారు, ఆ పేటని కూడా వేరే రకంగా గుర్తుపెట్టుకుంది లోకం.

సరే, అంబేడ్కర్. ఆయన ఈ ట్రస్ట్ రెండు లెక్కల్లోనూ బతికిన మనిషి. చదువుకునే రోజుల్లో లోయర్ పరేల్లో ఒకే గదిలో కుటుంబమంతా ఉండేది. వంటా, పడకా, చదువూ అందులోనే. తర్వాత పరేల్లోని ట్రస్ట్ చాళ్లలో ఒకటో నంబరు చాల్. రెండో అంతస్తులో ఎదురెదురుగా రెండు గదులు, 50, 51. కొలంబియాలో, లండన్‌లో చదివి డాక్టరేట్లతో వచ్చిన మనిషి, బారిస్టరు, బొంబాయి శాసనమండలి సభ్యుడు, 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగించిన నాయకుడు ఉన్న ఇల్లు అది. దాదాపు ఇరవై ఏళ్లు. ఒక గది సంసారానికి, ఇంకో గది పుస్తకాలకీ వచ్చేపోయేవాళ్లకీ.

ఇంత చదివినవాడు అద్దెకి మంచి ఇల్లు తీసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లకి బరోడా గుర్తు చెయ్యాలి. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లాడు. ఊళ్లో ఇల్లు ఇచ్చేవాడు లేడు. పార్సీ పేరు చెప్పుకుని ఒక పార్సీ సత్రంలో దిగాడు. పైన ఒంటరి గది, చుట్టూ పాత సామాను. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు వచ్చి గదిముందు నిలబడ్డారు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. హిందూ మిత్రుణ్ణి అడిగాడు, క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు, ఇద్దరూ ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నారు. రాత్రి రైలు దాకా కామాటి బాగ్ అనే తోటలో కూర్చున్నాడు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఇదంతా ఆయనే రాసుకున్నాడు. ఆ రచన పేరు చూడండి. సొంత దేశంలో ఇంట్లోకి అడుగుపెట్టడానికి వీసా. దాదర్ ఇల్లు బరోడా తోటలోని ఆ సాయంత్రానికి జవాబు అని నేను నమ్ముతాను. అద్దె ఇంటి గుమ్మం నీది కాదు. ఎవరో ఒకరు కర్రతో వచ్చి నిలబడగలరు.

1930 ప్రాంతంలో హిందూ కాలనీలో రెండు స్థలాలు తీసుకున్నాడు. అదే ఏడాది మార్చిలో నాసిక్ కాలారామ్ గుడి తలుపులు మూసేశారు, బయట మన సత్యాగ్రహులు కూర్చున్నారు. ఇంటి నిర్మాణం 1931 నుంచి 1933 దాకా. ఆ ఏళ్ల పట్టిక మీకు కంఠతా వచ్చే ఉంటుంది. రెండో రౌండ్ టేబుల్ సమావేశం, ప్రత్యేక నియోజకవర్గాల ప్రకటన, 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం, మూడో సమావేశం. లండన్‌కీ ఎరవాడ జైలుకీ మధ్య తిరుగుతున్న మనిషి వెనక దాదర్‌లో బ్యాంకు అప్పుతో గోడలు లేస్తున్నాయి. దేశమంతా ఈ మనిషికి ఏ గదిలో చోటివ్వాలా అని బేరమాడుతున్నప్పుడు ఆయన తన గదులు తనే కట్టుకుంటున్నాడు.

బయటి నుంచి చూస్తే రాజగృహ మిమ్మల్ని ఆపదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దాదాపు దాటిపోయాను. కింద ఒకటి, పైన రెండు అంతస్తులు, ఆ కాలనీ వరసలో ఒక ఇల్లు. గోపురం లేదు, రాజసం లేదు. వాస్తుశిల్పం పాఠాల్లో ఇలాంటి ఇంటికి ఒక పేరా కూడా దక్కదు. దీని గొప్పతనం ముఖంలో లేదు, ప్లానులో ఉంది. కింది అంతస్తులో మూడేసి గదుల చొప్పున రెండు భాగాలు. కుటుంబం అక్కడ. పై అంతస్తు గ్రంథాలయానికీ ఆఫీసుకీ.

మామూలుగా చదివితే ఇది చిన్న వివరం. మన ఇళ్లతో పోల్చి చూడండి. ఈశాన్యం దేవుడికి, ఆగ్నేయం వంటకి, నైరుతి ఇంటి పెద్దకి. ఇంటిని ఒక శరీరంలా ఊహించి ఏ మూల ఎవరిదో శాస్త్రం ముందే రాసి పెట్టింది. ఆ శాస్త్రం ప్రకారం చదువు మనది కాదు, ఆ ఇల్లూ మనది కాదు. ఈ మనిషి ఇంటికి నెత్తిన పుస్తకాలు పెట్టాడు. వేల పుస్తకాలు. చరిత్రకారులు ఈ ఇంటిని పుస్తకాల కోసమే కట్టాడని రాస్తారు, అందులో అతిశయోక్తి లేదు. చాల్లో ఎదురు గదిలోనూ, నిద్రపోయే చోటులోనూ, మంచం కిందా సర్దుకున్న పుస్తకాలకు మొదటిసారి సొంత అంతస్తు దొరికింది. అమెరికాలో, లండన్‌లో గ్రంథాలయం తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా కూర్చుని చదివినవాడికి ఇల్లంటే ముందు ఒక చదువు గది. మూసే వేళ లేని చదువు గది.

అదే కాలంలో రెండో స్థలంలో కట్టిన భవనం పేరు చార్‌మినార్. మన హైదరాబాదీలు ఈ పేరు విని ఎగిరి గంతేస్తారు, నేనూ వేశాను. కానీ అసలు విషయం పేరు కాదు. 1941లో దాన్ని అమ్మేశాడు. అప్పులు తీర్చడానికి, పుస్తకాలు కొనడానికి. భవనం అమ్మి పుస్తకాలు కొన్న మనిషిని పట్టుకుని ఇల్లు కట్టుకున్నాడని ఎత్తిపొడిచేవాళ్లకి ఈ ఒక్క వాక్యం చాలు. తర్వాత ఆ పుస్తకాల్లో చాలా భాగం 1946లో ఆయన మొదలుపెట్టిన సిద్ధార్థ కాలేజీకి వెళ్లాయి. అంటే ఆ పై అంతస్తు మెట్లు దిగి మన పిల్లల క్లాసురూముల దాకా నడిచింది.

ఇక పేరు. రాజగృహ అంటే రాజుగారి ఇల్లు అని అర్థం చెప్పుకుని నవ్వేవాళ్లకి చరిత్ర తెలియదు. రాజగృహం మగధ రాజధాని, ఇవాళ్టి బిహార్‌లోని రాజ్‌గిర్. బింబిసారుడు తన వేణువనాన్ని బుద్ధుడికీ భిక్షుసంఘానికీ ఇచ్చింది అక్కడే. సంఘానికి వచ్చిన మొదటి ఆరామం అది. బుద్ధుడి పరినిర్వాణం తర్వాత మొదటి సంగీతి జరిగింది కూడా అక్కడే. భిక్షువులు కూర్చుని బుద్ధవచనాన్ని గుర్తుచేసుకుని ఒక చోట చేర్చారు. మాటల్ని పోగుచేసిన చోటు పేరు పుస్తకాల ఇంటికి పెట్టాడు. పేరు పెట్టేనాటికి యేవలా ప్రకటన ఇంకా రాలేదు, దీక్షాభూమికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉంది. హిందూ కాలనీలో ఒక ఇంటి గేటు మీద అప్పుడే బౌద్ధం వచ్చి కూర్చుంది, ఇరుగుపొరుగు ఎంతమంది గమనించారో కానీ.

ఈ ఇంటి గురించి రాసేవాళ్లు ఎక్కువగా పై అంతస్తులోనే ఉండిపోతారు. నేను కూడా ఇప్పటిదాకా అక్కడే ఉన్నాను. కింద రమాబాయి ఉంది. చాల్లో ఇరుకు గదిలో సంసారం ఈది, నలుగురు పిల్లల్ని పోగొట్టుకుని, భర్త విదేశాల్లో ఉన్న ఏళ్లన్నీ పేదరికంతో గడిపిన మనిషి. కొత్త ఇంట్లోకి వచ్చేసరికి ఆరోగ్యం పూర్తిగా పాడైంది. పండరిపురం చూడాలని అడిగింది. భక్తుల్ని దూరంగా నిలబెట్టే పండరి మనకెందుకు, మనమే ఇంకో పండరిని తయారుచేద్దాం అన్నాడాయన. 1935 మే 27న ఆమె ఈ ఇంట్లోనే కన్నుమూసింది. గుమ్మం తనది అయిన ఇంట్లో ఆమె బతికింది మహా అయితే రెండేళ్లు. పుస్తకాలకి ఒక అంతస్తు దొరికింది, ఆమెకి గాలి ఆడే గది దొరికేసరికి ఆలస్యమైపోయింది. ఈ రెండో వాక్యాన్ని దాటేసి మొదటిదాన్ని మాత్రమే ఉత్సవం చేసుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమె పోయిన నాలుగున్నర నెలలకి, అక్టోబరు 13న, హిందువుగా చావనని ఆయన యేవలాలో ప్రకటించాడు.

వాడ వదిలి కాలనీకి పోయాడన్న మాట దగ్గరికి వద్దాం. వదిలి పోవడం అంటే సంబంధం తెంచుకోవడం. 1936లో లాహోర్‌లో చదవనివ్వని ప్రసంగాన్ని సొంత ఖర్చుతో "కుల నిర్మూలన"గా అచ్చు వేసినప్పుడు ఆయన ఉన్నది ఈ ఇంట్లో. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టినప్పుడు ఉన్నదీ ఇక్కడే. కులం పోవాలని రాసిన పుస్తకాల్లో అన్నిటికన్నా పదునైనది హిందూ కాలనీలోని ఒక మేడ మీద తయారైంది. పార్టీలు, సంఘాలు, మిల్లు కార్మికులు, ఊళ్ల నుంచి దరఖాస్తులు పట్టుకొచ్చినవాళ్లు ఆ వీధిగుమ్మం నుంచే లోపలికి నడిచారు. ట్రస్ట్ ఇంజనీర్లు ఎండ కోణం లెక్కపెట్టారు కానీ ఈ కాళ్ల లెక్క వాళ్లు వెయ్యలేదు. మన జాషువా "గబ్బిలం"లో మూసిన గుడిలోకి మనిషి పోలేక గబ్బిలంతో కబురు పంపిస్తాడు. ఆ కావ్యం వచ్చింది 1941లో. దాదర్‌లో అప్పటికే కొన్నేళ్లుగా ఒక గుమ్మం దగ్గర గబ్బిలంతో పని లేకుండా పోయింది.

మన తరంలో ఉద్యోగం వచ్చినవాళ్లు లోన్ తీసుకుని కాలనీల్లో ఇళ్లు కట్టుకుంటున్నారు, నేనూ అందుకు మినహాయింపు కాను. దాన్ని ద్రోహం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "మీరేంట్లు?" అని అడిగించుకున్నవాడికి, శాకాహారులకే ఇస్తామన్న మాటలో తన కులాన్ని చదువుకోగలిగినవాడికి, సొంత గుమ్మం ఆడంబరం కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, అది రాజగృహ ప్లానే అడుగుతుంది. నీ ఇంట్లో పై అంతస్తులో ఏముంది? వాడ నుంచి వచ్చిన మనిషి నీ ఇంట్లో ఎక్కడిదాకా వస్తాడు? గృహప్రవేశానికి పంతుల్ని పిలిచి, వాస్తు కోసం గోడ జరిపి, ఊరి నుంచి వచ్చిన పెదనాన్నని గేటు పక్క కుర్చీలో కూర్చోబెట్టే ఇళ్లు నేను చూశాను. వాటి గేటు మీద జై భీమ్ అని కూడా ఉంది.

1956 డిసెంబరు 6న ఢిల్లీలో, అలీపూర్ రోడ్డు 26వ నంబరు ఇంట్లో ఆయన చనిపోయాడు. అది ఆయన సొంత ఇల్లు కాదు. భౌతికకాయాన్ని విమానంలో బొంబాయి తెచ్చి ముందు రాజగృహలోనే ఉంచారు. మిల్లులు వదిలి, చాళ్లు ఖాళీ చేసి జనం హిందూ కాలనీ సందుల్లో నిండిపోయారు. ఏ కాలనీ ఎవరి కోసం గీసారో ఆ ఒక్కరోజు ఏ ప్లానూ గుర్తులేదు. మర్నాడు అంతిమయాత్ర దాదర్ సముద్రం ఒడ్డుకు సాగింది. ఇవాళ చైత్యభూమి ఉన్నది అక్కడే. ఇప్పుడు ఇంటి కింది భాగం మ్యూజియం. ఆయన వాడిన వస్తువులు, ఫొటోలు. పైన కుటుంబం ఉంటుంది. ప్రతి డిసెంబరులో చైత్యభూమికి వచ్చిన జనం ఇక్కడికి కూడా వచ్చి, చెప్పులు విడిచి లోపలికి వెళ్తారు.

2020 జులై 7 సాయంత్రం ఇద్దరు ఈ ఇంటి ఆవరణలోకి చొరబడ్డారు. కిటికీ అద్దాల మీద రాళ్లు వేశారు, సీసీ కెమెరా పగలగొట్టారు, పూలకుండీలు ధ్వంసం చేశారు. లాక్‌డౌన్ రోజులు. జనం పోగవకుండా చూసుకోమని కుటుంబమే విజ్ఞప్తి చెయ్యాల్సి వచ్చింది. ఇల్లు కట్టి అప్పటికి ఎనభై ఏడేళ్లు. బరోడా సత్రం ముందు కర్రలు నిలబడి నూటమూడేళ్లు.

వచ్చే భాగంలో మన ఊరికే వద్దాం. హైదరాబాద్ చాదర్‌ఘాట్‌లో భాగ్యరెడ్డి వర్మ నిలబెట్టిన ఆది హిందూ భవనం గురించి రాస్తాను. ఆ భవనంలో చదువుకున్న, సభలు పెట్టుకున్న పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే వాళ్లు చెప్పినవి రాసి పెట్టండి. ఏ గది ఎటువైపు ఉండేదో కూడా అడగండి.